ఇంటి అనుమతి: కాగితం నుండి కంప్యూటరుకు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని తెలుగువారు చెప్పుకొనే మాట చాలా పాతది. ఆ మాట పుట్టిన కాలంలో ఇల్లు కట్టేవాని కష్టాలు సున్నం, కలప, మేస్త్రీ, వాన అనే నాలుగింటితో ముగిసేవి. పట్టణాలు పెరిగి, పురపాలక సంఘాలు ఏర్పడిన తరువాత వీటికి ఐదవది చేరింది. అది అనుమతి. గోడ లేవక ముందే ఆ గోడ ఎక్కడ లేవాలో కాగితం మీద గీసి, దానిపై పురపాలక సంఘం ముద్ర వేయించుకోవాలి. ఉత్తర భారతంలో దీనిని ‘నక్షా పాస్ కరానా’ అంటారు. తెలుగునాట ‘ప్లాను పాసు చేయించడం’ అంటారు. భాషలు వేరైనా ఆ మాట పలికే మనిషి ముఖంలో కనిపించే అలసట మాత్రం ఒక్కటే. ఆ అలసటను తగ్గించడానికి గత ఇరవై సంవత్సరాలుగా దేశంలోని వివిధ రాష్ట్రాలు కంప్యూటరును ఆశ్రయిస్తున్నాయి. అందులో సమకూరినదేమిటో, ఇంకా సమకూరవలసినదేమిటో పరిశీలించడమే ఈ ప్రసంగంలోని విషయం.

గృహనిర్మాణంపై నియమాలు ఆంగ్లేయుల పాలనతోనే వచ్చాయని పలువురు భావిస్తారు. అది పూర్తిగా సరి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ఇళ్లకు సంబంధించిన ప్రకరణమొకటి ఉన్నది. పొరుగువాని గోడకు ఎడంగా కట్టుకోవాలనీ, మురుగునీటి కాలువను అతని గోడకు తగలకుండా మళ్లించాలనీ, కిటికీలు, వాన చూరుల విషయంలో ఇతరులకు ఇబ్బంది కలిగించరాదనీ అందులో చెప్పబడింది. ఇరుగుపొరుగు ఇంటి యజమానులు తమలో తాము ఒడంబడి తమకు నచ్చినట్లు కట్టుకోవచ్చునని కూడ ఆ శాస్త్రకర్త అంగీకరించాడు. అంటే నియమం పుట్టినది రాజు కొరకు కాదు, పక్కింటివాని కొరకు. ఇంటి అనుమతిని గూర్చి ఎప్పుడు మాట్లాడినా ఈ పక్కింటివానిని మరువరాదు. కార్యాలయాల్లో ఫైలు పెరిగిన కొద్దీ అందరికంటె ముందు మరుగున పడిపోయినవాడు అతడే.

అనుమతుల బెడద ఇంతగా ఉన్నప్పుడు వాటిని మొత్తంగా ఎత్తివేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. 2001 జనవరి 26న గుజరాత్‌లో వచ్చిన భూకంపం ఆ ప్రశ్నకు సమాధానం చెప్పింది. భూకంప కేంద్రం కచ్ జిల్లాలో ఉండగా, అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్ నగరంలో పలు బహుళ అంతస్తుల భవనాలు నేలమట్టమయ్యాయి. 2013 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని ఠాణే సమీపాన ముంబ్రాలో అనుమతి లేకుండా లేచిన భవనం కూలి 74 మంది మరణించారు. అక్కడ ఏ భూకంపమూ రాలేదు. దేశానికంతటికీ మార్గదర్శకంగా జాతీయ భవన నిర్మాణ స్మృతి 1970లోనే వెలువడింది. స్మృతి ఉన్నది, ముద్రలున్నవి, అయినా భవనాలు కూలుతున్నాయంటే లోపం అనుమతి అనే భావనలో లేదు, దానిని ఇచ్చే పద్ధతిలో ఉన్నదని గ్రహించాలి.

ఆ పద్ధతి దేశమంతటా ఒకే రీతిగా ఉండదు, ఉండడానికి వీలు లేదు కూడ. మన రాజ్యాంగం ప్రకారం భూమి రాష్ట్రాల జాబితాలోని అంశం. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పన్నెండవ షెడ్యూలు, భూ వినియోగాన్నీ భవన నిర్మాణాన్నీ క్రమబద్ధం చేసే పనిని పురపాలక సంఘాలు చేపట్టదగిన అంశాల్లో చేర్చింది. కనుక నియమాలు ఊరూరా మారుతాయి. ఢిల్లీ, ముంబయి నగరాల్లో స్థలం వైశాల్యానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టవలెనన్న పరిమితి ప్రధానం. హైదరాబాదులో 2006 నాటి నిబంధనలు ఆ పరిమితిని తొలగించి, ముందున్న రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు, చుట్టూ వదలిన ఖాళీ అనే వాటిపై భారం వేశాయి. కొండ మీద ఊరికి ఒక నియమం, సముద్రపుటొడ్డున ఊరికి మరొకటి. ఇంతటి వైవిధ్యాన్ని ఒకే యంత్రంలో ఇమడ్చడం తేలిక కాదు.

పాత పద్ధతిలో ఒక చిన్న ఉద్యోగి నూటయాభై గజాల స్థలంలో ఇల్లు తలపెట్టినప్పుడు ఏమి జరిగేదో చూడాలి. ముందుగా డ్రాఫ్ట్‌మన్ గీసిన ప్లానుకు నీలిరంగు ప్రింట్లు నాలుగైదు తీయించాలి. దస్తావేజు, దానికి ముందరి దస్తావేజులు, పన్ను రసీదు, చలానా జతపరచి కార్యాలయంలో ఇచ్చి ఇన్‌వర్డు నంబరు వేయించుకోవాలి. ఫైలు ఒక బల్ల నుండి మరొక బల్లకు పోతుంది. ఉద్యోగి వచ్చి స్థలం చూడాలి, ఆయన ఎప్పుడు వస్తాడో తెలియదు. వచ్చిన తరువాత ఒక కొర్రీ పడుతుంది. దానికి సమాధానమిస్తే మరొక కొర్రీ. రెండు కొర్రీలూ మొదటి రోజుననే ఒకే కాగితం మీద ఎందుకు వ్రాయలేదని అడిగే సాహసం దరఖాస్తుదారునికి ఉండేది కాదు. ఇందులో లంచగొండితనం పాత్రను ఎవరూ కాదనలేరు. అయితే మూలకారణం అంతకంటె లోతైనది. నిబంధన ఏమిటో బల్లకు అవతల ఉన్నవానికి మాత్రమే తెలుసును. ప్రభుత్వ ఉత్తర్వులు ఒకదానిని మరొకటి సవరిస్తూ పోగా, ఏది అమలులో ఉన్నదో, ఏది రద్దయినదో చెప్పగలిగినవాడే ఆ కార్యాలయానికి అధిపతి అయ్యేవాడు. తెలియనితనమే అక్కడ సరకు.

ఈ గోడకు కంప్యూటరు తొలి కన్నం వేసింది. ఈ శతాబ్దపు తొలి దశకంలో పూణే వంటి మహారాష్ట్ర నగరాల్లో ప్లానును తనంతట తానే పరిశీలించే సాఫ్ట్‌వేర్ వాడుకలోకి వచ్చింది. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ 2016లో అట్టి పద్ధతిని ప్రవేశపెట్టింది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ పట్టణ డిజిటల్ మిషన్, అన్ని రాష్ట్రాల పురపాలక సంఘాలూ ఉపయోగించుకొనదగిన ఉమ్మడి వేదికను సమకూర్చే పనిలో భవనాల ప్లాను ఆమోదాన్ని కూడ చేర్చింది.

ఈ యంత్రం పనిచేసే తీరు విద్యార్థులు తెలుసుకోదగినది. ప్లానును కంప్యూటరులో పొరలు పొరలుగా గీస్తారు. స్థలం హద్దు ఒక పొర, రోడ్డు ఒక పొర, బయటి గోడలు ఒక పొర, మెట్లు, కిటికీలు, బాల్కనీలు తలా ఒక పొర. ప్రతి పొరకూ ముందుగానే నిర్ణయించిన పేరు ఉంటుంది. యంత్రం ఆ పేర్లను చదువుకొని, హద్దుగీతకూ గోడగీతకూ మధ్య కనీస దూరమెంతో కొలుస్తుంది, రోడ్డు వెడల్పును బట్టి ఎంత ఎత్తు అనుమతింపబడునో పట్టికలో చూస్తుంది, ఏ నియమం నెరవేరినదీ ఏది నెరవేరనిదీ వరుసగా అచ్చువేసి ఇస్తుంది. మనిషికి నాలుగు రోజులు పట్టే లెక్క నిమిషాల్లో ముగుస్తుంది. కొర్రీలన్నీ ఒకే కాగితం మీద వస్తాయి. అయితే యంత్రానికి చూచాయగా అర్థం చేసుకొనే గుణం లేదు. గది చుట్టూ గీసిన గీత ఒక మూలన వెంట్రుకవాసి కలవకపోయినా దాని దృష్టిలో అది గది కాదు. పొర పేరులో ఒక అక్షరం తప్పితే ఇంటికి మెట్లే లేవని అది తేలుస్తుంది. కొత్తలో డ్రాఫ్ట్‌మన్లు పడిన పాట్లు ఇంతా అంతా కాదు.

దీనివలన కలిగిన ప్రయోజనాల్లో ఒకటి ఎవరూ తలపెట్టనిది. ‘తగినంత వెలుతురు ఉండవలెను’ అన్న వాక్యాన్ని యంత్రానికి బోధించడం సాధ్యం కాదు. తగినంత అంటే ఎంత? జాతీయ స్మృతి పొడి వేడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో పదవ వంతు, తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో ఆరవ వంతు కిటికీల రూపంలో ఉండాలని అంకెలలో చెప్పింది. ఇలా ప్రతి నియమాన్నీ అంకెగా మార్చుకొనే అవసరం కలిగినప్పుడు, ఒకదానికొకటి పొసగని నిబంధనలు ఎన్ని ఉన్నాయో కార్యాలయాలకే తెలిసివచ్చింది. ఫైళ్లలో మూలుగుతున్న అస్పష్టత అంతా వెలుతురులోకి వచ్చింది. యంత్రం వేగం కంటె ఈ ప్రక్షాళనమే విలువైనదని చెప్పవలసి ఉన్నది.

కాని యంత్రం చూసేది గీతను, నేలను కాదు. కాగితం మీద పది అడుగుల ఖాళీ చూపి నేల మీద నాలుగడుగులే వదిలితే దానికి తెలియదు. నేలను చూడడానికి ఉద్యోగిని పంపితే పాత ఆలస్యం మళ్లీ మొదలు. ఈ చిక్కును విప్పడానికి రాష్ట్రాలు ఎంచుకొన్న మార్గం స్వీయ ధ్రువీకరణ. నేను చెప్పినది నిజమని పౌరుడే సంతకం చేస్తాడు. ప్రభుత్వం ముందు నమ్ముతుంది, తరువాత తనిఖీ చేస్తుంది. తెలంగాణ 2020లో చేసిన చట్టం దీనికి మంచి ఉదాహరణ. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకొనే ఇంటికి అనుమతే అవసరం లేదన్నారు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే చాలును. 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో 10 మీటర్ల లోపు నివాస గృహానికి స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువు. ఆ గడువులో ఏ సమాధానమూ రాకపోతే అనుమతి ఇచ్చినట్లే. 2025లో ఆ రాష్ట్రం పాత పోర్టల్ స్థానంలో ‘బిల్డ్ నౌ’ అనే కొత్త ఏర్పాటును తెచ్చింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ కూడ స్వీయ ధ్రువీకరణ బాట పట్టింది. తమిళనాడు 2024 జూలైలో 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల లోపు ఇంటికి ఇదే సౌకర్యం కల్పించింది. కేరళలో 2024 జనవరి 1న నగరాలు, పట్టణాలలో ప్రారంభమైన ‘కె-స్మార్ట్’ ఒక అడుగు ముందుకు వేసింది. ఒక స్థలంలో ఏమి కట్టవచ్చునో, ఏమి కట్టరాదో ముందుగానే తెలుసుకొనే సదుపాయం అందులో ఉన్నది. స్థలం కొన్న తరువాత కన్నీళ్లు పెట్టుకోవడం కంటె, కొనకముందే తెలిసికోవడం ఎంత మేలో చెప్పనక్కరలేదు.

బెంగళూరు మహానగరంలో 2024లో తెచ్చిన ఇటువంటి పథకానికి ‘నంబికె నక్షె’ అని పేరు పెట్టారు. నంబికె కన్నడ పదం, తెలుగు నమ్మకానికి తోబుట్టువు. నక్షె అరబ్బీ నుండి ఫారసీ, హిందూస్తానీల మీదుగా దక్షిణాదికి చేరిన మాట. రెండూ కలిసి ఒక ప్రభుత్వ పథకానికి పేరై నిలవడం ముచ్చటగా ఉన్నది. సంక్షిప్తాక్షరాల గుంపుల కంటె ఇట్టి పేరు పౌరునికి వేయిరెట్లు బోధపడుతుంది.

నమ్మకానికి రెండవ వైపు శిక్ష. తెలంగాణ చట్టంలో, ధ్రువీకరణ తప్పుడుదని తేలిన పక్షంలో ముందస్తు నోటీసు లేకుండానే కట్టడాన్ని కూల్చివేసే అధికారం కల్పించారు. పౌరుని మాటనే ప్రమాణంగా తీసుకొన్నందున అబద్ధమాడినవానిపై కఠినంగా ఉండాలన్నది దాని వెనుక తర్కం. కాని తెలిసి అబద్ధమాడినవానికీ, డ్రాఫ్ట్‌మన్ చూపినచోట సంతకం చేసిన నిరక్షరాస్యునికీ మధ్య తేడాను ఎవరు కనుగొంటారు? 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ సందర్భంలో గమనింపదగినది. రోడ్లు, కాలిబాటలు, జలాశయాల వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలను, న్యాయస్థానాలు ఆదేశించిన కూల్చివేతలను మినహాయించి, పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇవ్వనిదే ఏ కట్టడాన్నీ కూల్చరాదని న్యాయస్థానం నిర్దేశించింది. నోటీసులు, సమాధానాలు, ఉత్తర్వులు అన్నీ అందరికీ కనబడేటట్లు డిజిటల్ పోర్టల్‌లో ఉంచాలని కూడ ఆదేశించింది. ఇంతవరకు పౌరుడు ప్రభుత్వానికి లెక్క చెప్పడానికే ఉపకరించిన యంత్రం, ఇకమీదట ప్రభుత్వం పౌరునికి లెక్క చెప్పడానికీ ఉపకరించాలన్నమాట.

అంతర్జాతీయ ర్యాంకుల సంగతి ఒక మాటలో చెప్పి ముగించవచ్చు. ప్రపంచ బ్యాంకు నివేదికలో నిర్మాణ అనుమతుల విషయమై భారతదేశం 2017లో 181వ స్థానంలో ఉండి, 2019 నాటికి 27వ స్థానానికి చేరింది. ఇది చిన్న ఎదుగుదల కాదు. అయితే ఆ నివేదిక మన దేశంలో చూసినవి ఢిల్లీ, ముంబయి రెండు నగరాలు మాత్రమే, కొలిచినది ఇంటి అనుమతిని కాదు, ఒక గిడ్డంగి అనుమతిని. గణాంకాల్లో అవకతవకల కారణంగా 2021లో ఆ నివేదికనే ప్రపంచ బ్యాంకు నిలిపివేసింది. గిడ్డంగికి దొరికిన వేగం నూటయాభై గజాలవానికి దొరికినదా లేదా అన్నదే మనకు కావలసిన కొలత.

ఆ కొలతతో చూసినప్పుడు అసలు అడ్డంకి బయటపడుతుంది. యంత్రం ప్లాను అడగకముందే హక్కుపత్రం అడుగుతుంది. సర్వే నంబరు, దస్తావేజు నంబరు, ఆమోదం పొందిన లేఅవుట్ నంబరు. వీటిలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ముందుకు పోదు. పాత కార్యాలయంలో కనీసం బ్రతిమాలుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆమోదం లేని లేఅవుట్లలో స్థలాలు కొన్న మధ్యతరగతి కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లో లక్షలలో ఉన్నాయి. 2020లో తెలంగాణ ప్రభుత్వం క్రమబద్ధీకరణకు దరఖాస్తులు కోరినప్పుడు పాతిక లక్షలకు పైగా వచ్చాయి. వాటి పరిష్కారం ఏళ్ల తరబడి సాగింది. నిమిషంలో అనుమతినిచ్చే యంత్రం ముందు వీరు ఐదేళ్లు నిలబడవలసి వచ్చింది. అంటే కంప్యూటరు వరుసను రద్దు చేయలేదు. దానిని పురపాలక కార్యాలయం గుమ్మం నుండి భూమి రికార్డుల గుమ్మానికి జరిపింది.

పల్లెల స్థితి ఇంకా విచిత్రం. ఊరి నడిబొడ్డున తరతరాలుగా ఇళ్లున్న నేలను తెలుగునాట గ్రామకంఠం అంటారు. హిందీ ప్రాంతాల్లో ఆబాదీ అంటారు. 1908 ప్రాంతంలో ఢిల్లీ పరిసర గ్రామాల పటాలపై సాగుభూమికీ ఇళ్ల నేలకూ మధ్య ఎర్రని గీత గీశారు. దానినే నేటికీ లాల్ డోరా అంటారు. శిస్తు సాగుభూమికే కాబట్టి, గీతకు లోపలి ఇళ్లను విడివిడిగా కొలిచే అవసరం పాలకులకు కలుగలేదు. ఫలితంగా ముత్తాత కట్టిన ఇంట్లో పుట్టి పెరిగినవానికి కూడ ఆ ఇంటి కాగితం లేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకం కింద భారత సర్వేక్షణ సంస్థ డ్రోన్లతో ఈ నేలలను కొలుస్తున్నది. 2025 జనవరి 18న ఒక్క రోజునే 65 లక్షలకు పైగా ఆస్తి కార్డులు పంపిణీ అయ్యాయి. ఆ కార్డు చేతికందిన నాడు ఆ ఇంటి కొడుకు పై అంతస్తుకు అనుమతి అడగగలుగుతాడు, బ్యాంకులో అప్పు అడగగలుగుతాడు. కేంద్రం పేదలకు ఇచ్చే గృహ సహాయంలో కూడ, పట్టణాల్లో సొంత స్థలంలో కట్టుకొనేవారు ఆ స్థలంపై హక్కును చూపవలసి ఉంటుంది. ఇంటి అనుమతిని యంత్రానికి అప్పగించడం, నేలను కొలిచి పేరు వ్రాయడం అనేవి రెండు పనులు కావు.

భాష విషయం కూడ ఇక్కడ ప్రస్తావింపదగినది. దరఖాస్తులోని మాటలు అర్థం కానప్పుడు పౌరుడు మళ్లీ ఒక మధ్యవర్తి వద్దకే పోతాడు. పూర్వం ఆ మధ్యవర్తి కార్యాలయం వరండాలో కూర్చొనేవాడు. ఇప్పుడు కంప్యూటరు దుకాణంలో కూర్చొంటున్నాడు. ఇల్లు పూర్తయిన తరువాత, అందులో నివసించవచ్చునని పురపాలక సంఘం ఇచ్చే పత్రాన్ని ఇంగ్లీషులో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అంటారు. హిందీలో దీనికి ‘అధిభోగ్ ప్రమాణ్‌పత్ర్’ అని పేరు. తెలుగులో ‘నివాసయోగ్యతా పత్రం’ అని కొందరు వ్రాస్తారు. ఇంట్లో దిగేవానికి ఈ మూడింటిలో ఏదీ తెలియదు. ‘గృహప్రవేశానికి అనుమతి’ అంటే తెలుస్తుంది. తెరపై గడికి పక్కన ఇట్టి మాట ఒకటి వ్రాయడానికి కోట్ల రూపాయలు అవసరం లేదు. మీసేవ కేంద్రంలో గాని, వార్డు కార్యాలయంలో గాని ఆ మాటలు వివరించే ఉద్యోగి ఒకడు ఉండడం కూడ అంతే అవసరం.

ఈ చివరి పత్రం సంగతి దేశమంతటా నిర్లక్ష్యానికి గురి అయినదే. ప్లాను పాసు చేయించుకొన్న ఉత్సాహం, కట్టినది ప్లాను ప్రకారమే కట్టామని ధ్రువపరచుకోవడంలో కనిపించదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 నాటి భవన నిబంధనలు నిర్ణీత పరిమాణం దాటిన భవనాల్లో కట్టిన వైశాల్యంలో పదవ వంతును పురపాలక సంఘానికి తనఖా ఉంచాలని, నివాసానుమతి పత్రం పొందిన తరువాతనే అది విడుదల కావాలని ఏర్పాటు చేసినది ఇందుకే. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక వ్యాజ్యంలో తీర్పు చెబుతూ, ఈ పత్రం చూపిన తరువాతనే భవనాలకు నీరు, విద్యుత్తు కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు దానిని పరిశీలించిన మీదటనే అప్పు మంజూరు చేయాలని నిర్దేశించింది. ఆమోదం పొందిన ప్లానును నిర్మాణం సాగినంతకాలం ఆ స్థలం వద్దనే ప్రదర్శించి ఉంచాలని కూడ అదే తీర్పు చెప్పింది. కంప్యూటరులో పుట్టిన ప్లాను ఆ విధంగా మళ్లీ కాగితమై వీధిలోకి వస్తున్నది. దారిన పోయేవారు దానిని చదవకపోవచ్చు. పక్కింటివాడు మాత్రం తన గోడకు ఎన్ని అడుగులు వదలవలసి ఉన్నదో అందులో చూసి, టేపు తెచ్చి కొలుచుకొంటాడు.